గుర్రం ఎందుకు నెమరు వేయదు?

తాతయ్యా,

నమస్కారం. నేను బాగున్నాను. పోయినవారం లైను కట్ అయ్యేముందు మీరు అడిగారు కదా, "ఆవూ గడ్డే తింటుంది, గుర్రమూ గడ్డే తింటుంది, మరి గుర్రం నెమరు వేయదేం?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి సొంతంగా రెండింటికీ లేదు. ఆ పని చేసిపెట్టేవి లోపల కాపురమున్న సూక్ష్మజీవులు. ఆవులో అవి అసలు కడుపుకి ముందే ఉంటాయి, గుర్రంలో చిన్నపేగు దాటాక ఉంటాయి. తిరకాసంతా అక్కడే.

ఆవు కడుపులో నాలుగు గదులు. మొదటిది రూమెన్, 100 లీటర్ల పైమాటే. మా డెయిరీలో ఒక ఆవుకి డొక్క పక్కన రంధ్రం చేసి మూత బిగించారు, మాలాంటి చదువుకునేవాళ్ల కోసం. మొన్న భుజం దాకా గ్లవుజు తొడుక్కుని చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, పుల్లటి వాసన, పైన గడ్డి తెప్పలా తేలుతోంది. ఆవు మాత్రం నన్ను పట్టించుకోకుండా మేస్తూనే ఉంది! ఆ తేలే ముతక గడ్డే మళ్లీ నోట్లోకి వచ్చేది. అలా రోజుకి ఏడెనిమిది గంటలు నములుతుంది. అప్పుడు ఊరే లాలాజలంలో సోడా గుణం ఉండి లోపలి పులుపును విరిచేస్తుంది. గింజలు త్వరగా పులుస్తాయి, వాటికి నమలడమూ తక్కువే, ఒక్కసారిగా ఎక్కువ తింటే ఆ పులుపు అదుపు తప్పి ఆవు జబ్బుపడేది అందుకే.

సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి వదిలే ఆమ్లాలే ఆవుకి ప్రధాన బలం. గ్యాసేమో త్రేన్పుల్లో పోతుంది. చివరికి ఆ సూక్ష్మజీవులే నాలుగో గదిలోకి, అంటే అసలు కడుపులోకి, జారి తామే అరిగిపోతాయి, ఆవుకి మాంసకృత్తులవుతాయి. ఇక దాన్ని శాకాహారి అనాలో వద్దో మీరే చెప్పాలి.

గుర్రానిది చిన్న కడుపు, 8 నుంచి 15 లీటర్లు. పులిసేదంతా పెద్దపేగులో. అక్కడ నుంచి నోటికి తిరుగుదారి లేదు, పాపం దానికి వాంతి కూడా రాదు. సూక్ష్మజీవుల్లోని మాంసకృత్తులు చాలామటుకు లద్దితో పాటే పోతాయి. అయితే ఆవులా గడ్డి నలిగేదాకా ఆగక్కర్లేదు కాబట్టి, నాసిరకం మేతైనా ఎక్కువ తిని నెట్టుకొచ్చేస్తుంది. కుందేలుదీ ఇదే బాపతే గానీ తెలివైనది, లోపల పులిసిన మెత్తటి ఉండలు బయటికి రాగానే మళ్లీ తినేస్తుంది.

నిన్న ఇక్కడ ఒక దూడ పుట్టింది. దానికింకా రూమెన్ పని మొదలవలేదు, తాగిన పాలు ఒక గాడి వెంట నేరుగా నాలుగో గదికే పోతాయి. రెండు మూడు వారాల్లో గడ్డి కొరికి నెమరు మొదలుపెడుతుంది, అప్పుడు వీడియో తీసి పంపిస్తాను.

మీ మనవడు