ఆటో రెన్యూ ఆన్‌లో ఉందని చూపిస్తూనే డొమైన్ గడువు దాటనిచ్చినందుకు ఫిర్యాదు

తిరుపతి,
20 జూన్ 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: చంద్రగిరి బడి డొమైన్ (వెబ్‌సైట్ పేరు) రెన్యూ కాకపోవడం, రిడెంప్షన్ (గడువు దాటిపోయిన పేరును వెనక్కి తెచ్చుకోవడం) పేరుతో వసూలు చేసిన రూ. 9,676 తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర నాకు చిన్న డీటీపీ, ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్లిపత్రికలు, పాంప్లెట్లతో మొదలుపెట్టి ఇప్పుడు తెలిసినవాళ్లకు వెబ్‌సైట్లు కూడా చేసిపెడుతున్నాను. చంద్రగిరిలో ఒక బడి, శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు అమ్మే కుటుంబం, దామలచెరువులో మామిడి వ్యాపారి, తిరుచానూరులో ఒక లాడ్జి, ఇలా మొత్తం 14 డొమైన్లు నేనే చూసుకుంటున్నాను. వాటిలో 11 మీ దగ్గర కొన్నవి. ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు కొన్నవి కాబట్టి గడువు తేదీలు ఏడాదంతా చెల్లాచెదురుగా ఉంటాయి.

మొదట్లో ఈ తేదీలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, షాపు గోడమీది దేవస్థానం క్యాలెండర్లో కూడా గుర్తు పెట్టుకునేవాణ్ణి. పాతకాలం పద్ధతే, కానీ ఆ రోజుల్లో ఒక్క డొమైన్ కూడా పోలేదు. రెండేళ్ల కింద మీ వాళ్లే ఫోన్ చేసి, ఆటో రెన్యూ పెట్టుకుంటే గడువు రాగానే కార్డు నుంచి డబ్బు దానంతటదే కట్ అవుతుంది, మళ్లీ టెన్షన్ ఉండదన్నారు. పెట్టుకున్నాను. ప్యానెల్లో ఒక్కో డొమైన్ పక్కన ఆకుపచ్చ గుర్తు, ‘ఆన్’ అన్న మాట కనిపించాయి. నోటుబుక్కులో ఆ పేర్ల ఎదురుగా ‘ఆటో’ అని రాసి చూడటం మానేశాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

బడి డాట్‌కామ్ డొమైన్ గడువు మే 2. నెల ముందు ఒక మెయిల్, వారం ముందు ఇంకొకటి పంపారు. అలా పంపాలని ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) నియమం ఉంది కాబట్టి మీరు దాన్ని పాటించినట్టే. కానీ రెండింట్లోనూ ఉన్నది ఒకటే మాట: ఆటో రెన్యూ ఆన్‌లో ఉంది, మీరు చేయాల్సింది ఏమీ లేదు. ఏమీ చేయొద్దంటే ఏమీ చేయలేదు.

మే 2న డబ్బు కట్ కాలేదు. బ్యాంకు తిరస్కరించిందని మీ సపోర్ట్ అంటోంది. బ్యాంకుకు వెళ్లి అడిగితే, అసలు మీ కంపెనీ పేరుమీద నా కార్డుకు ఈ-మాండేట్ రిజిస్టరే కాలేదని చెప్పారు. ఆర్‌బీఐ నియమాల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి ఓటీపీతో మాండేట్ నమోదు చేయకుండా కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవడం కుదరదు. డబ్బు తీసుకునే 24 గంటల ముందు కస్టమర్‌కు సమాచారం కూడా రావాలి. నాకు అలాంటిదేదీ రాలేదు, మాండేటే లేకపోతే ఎలా వస్తుంది? మీ సిస్టమ్‌కు ఇది తెలియదా? తెలిసీ ఆ పచ్చ గుర్తు ఎందుకు చూపించారు?

గడువు దాటాక మీరు పంపాల్సిన మూడో మెయిల్ పంపామంటున్నారు. ఎక్కడికి? బడి డొమైన్ మీదే ఉన్న మెయిల్ అడ్రసుకు. డొమైన్ ఆగితే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది కదా! తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టయింది నా పని. ఆ అడ్రసు ఇచ్చింది నేనే కాబట్టి ఇందులోనూ నాకు వాటా ఉంది. కానీ మీ దగ్గర నా ఫోన్ నంబరు కూడా ఉంది. దాన్ని మీరు బాగానే వాడుకుంటున్నారు. మే నెలలోనే వాట్సాప్‌లో హోస్టింగ్ ఆఫర్లు ఆరు పంపారు. అదే నంబరుకు ‘డబ్బు కట్ కాలేదు’ అని ఒక్క ఎస్సెమ్మెస్ పంపి ఉంటే ఆ రోజే కట్టేసేవాణ్ణి.

వేసవి సెలవుల్లో బడి వెబ్‌సైట్ వైపు ఎవరూ చూడలేదు. జూన్ 12న బడి తెరవాలి. 9వ తేదీ పొద్దున కరస్పాండెంట్ గారు ఫోన్ చేసి, “ఏం సామీ, మా బడి వెబ్‌సైట్ మూసేశావా?” అన్నారు. చూస్తే సైటే తెరుచుకోలేదు. ఆ అడ్రసు బడి వ్యాన్లమీద పెయింట్ చేయించి ఉంది, నేను వేసిన పాంప్లెట్లమీద ఉంది. అడ్మిషన్ల కోసం తల్లిదండ్రులు పంపిన మెయిళ్లు వెనక్కి తిరిగి వెళ్లాయి. అవి ఎన్నో మాకు తెలియదు.

అప్పటికి గడువు దాటి 38 రోజులు. గడువు దాటినా మామూలుగా రెన్యూ చేసుకునే మీ గ్రేస్ పీరియడ్ 30 రోజులే కాబట్టి డొమైన్ రిడెంప్షన్‌లోకి వెళ్లిందన్నారు. అదీ 30 రోజులు దాటితే ఇంకో 5 రోజుల్లో పేరు విడుదలవుతుంది, తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. బేరమాడే సమయం కాదు. రిడెంప్షన్ రూ. 8,200, దానిమీద 18 శాతం జీఎస్టీ రూ. 1,476, మొత్తం రూ. 9,676 నా జేబులోంచే కట్టాను. ఏడాది రెన్యూవల్ డబ్బు వేరేగా కట్టాను, దాని గురించి నాకు పేచీ లేదు. డాట్‌కామ్ పేర్లన్నిటి జాబితా నడిపే రిజిస్ట్రీకి కొంత ఫీజు పోతుందని కూడా నాకు తెలుసు. కానీ ఈ ఖర్చుకు కారణం మీరు చూపించిన అబద్ధపు గుర్తు.

ఇంకో సంగతి. ఏప్రిల్‌లో మీ నుంచి నాకు 43 మెయిళ్లు వచ్చాయి, లెక్కపెట్టాను. అందులో నిజమైన రెన్యూవల్ నోటీసులు మూడే. మిగతావన్నీ ‘చివరి అవకాశం’, ‘ఈరోజే ఆఖరు’ అనే ఆఫర్లు. ప్యానెల్లో డొమైన్లను గడువు తేదీ ప్రకారం పేర్చే వీలు లేదు, అక్షరక్రమంలోనే వస్తాయి, పేజీకి ఐదు. పదకొండు పేర్లున్నవాడు ముందు ఏది అయిపోతోందో తెలుసుకోవాలంటే మూడు పేజీలు తిప్పాలి. నెలకొక మెయిల్‌లో, వచ్చే మూడు నెలల్లో గడువు తీరేవన్నీ తేదీల వరుసలో పంపడం మీకు పెద్ద పనా?

రూ. 9,676 పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వండి. మాండేట్ లేని డొమైన్లమీద ‘ఆన్’ అన్న మాట తీసేయండి. నా మిగతా పది డొమైన్లను వేరే కంపెనీకి మార్చుకోవడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్‌లు కూడా ఇవ్వండి. డాట్‌కామ్ పేర్లకు అడిగిన ఐదు రోజుల్లో ఇవ్వాలని నియమం ఉంది. స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఐకాన్‌కు ఫిర్యాదు చేస్తాను.

ఈ లేఖ రాసే ముందు ఒక పరీక్ష చేశాను. నా అకౌంట్లోంచి కార్డును పూర్తిగా తీసేశాను. దామలచెరువు మామిడి వ్యాపారి డొమైన్ గడువు జూలై 3, సరిగ్గా సీజన్ మధ్యలో. కార్డే లేని అకౌంట్లో ఆ పేరు పక్కన ఇప్పటికీ పచ్చ గుర్తు, ‘ఆన్’ అన్న మాట అలాగే ఉన్నాయి. స్క్రీన్‌షాట్ జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్