బడి కమిటీ నోటీసు మాకు చదవొచ్చిన భాషలో అంటించండి

సంపాదకులకు నమస్కారం.

నేను పర్లాకిమిడి దగ్గర ఒక ఊళ్ళో జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నదాన్ని. పుట్టింది మహేంద్రతనయ ఏటికి అవతల, ఆంధ్రాలో పాతపట్నం వైపు. పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నాను. పెళ్ళయి ఏరు దాటి ఒడిశాకి వచ్చి పధ్నాలుగేళ్ళయింది. మీ పేపరు మా వీధిలో టీ కొట్టుకి వస్తుంది. మధ్యాహ్నం మిషన్ ఆపినప్పుడు తెప్పించుకుని చదువుతాను. ఈ సంగతి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కుట్టాల్సిన బట్టలు పక్కన పెట్టి ఇవాళ కూర్చున్నాను.

మా ఊరి ప్రభుత్వ ప్రాథమిక బడిలో మా ఇద్దరు పిల్లలు చదువుతున్నారు, బాబు నాలుగు, పాప రెండు. ఒకరోజు యూనిఫారాల పని మీద రమ్మన్నారని టేపు మెడలో వేసుకుని బడికి వెళ్ళాను. హెడ్మాస్టారు ఒక పెద్ద పుస్తకం నా వైపు తిప్పి, "ఇక్కడొక సంతకం చెయ్యమ్మా" అన్నారు. పైనంతా ఒడియాలో రాసి ఉంది. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, సంతలో బేరం కూడా ఆడగలను, అక్షరాలు మాత్రం రావు. బట్ట అందినట్టు సంతకం అనుకుని, ఆ ఒడియా కింద నా పేరు తెలుగులో రాసి వచ్చేశాను.

2024 ఆగస్టులో, శ్రావణమాసం పెట్టిన వారంలో, కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి పాతపట్నం దగ్గర ఉన్న మా అప్ప ఇంటికి వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. ఎక్కడికెళ్ళారని పక్కింటివాళ్ళని అడిగితే, బడిలో ఓట్లని చెప్పారు. నేనూ బడికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆంధ్రాలో ఆ వారం బడులన్నిట్లో పేరెంట్స్ కమిటీ ఎన్నికలు. ఒక్కో తరగతి పిల్లల తల్లిదండ్రులు విడిగా కూర్చుని తమలోంచి ముగ్గురిని ఎన్నుకుంటున్నారు. మా అప్ప చెయ్యెత్తింది. ఎవరో ఎవరినో గట్టిగా అడిగారు, "పోయినేడాది డబ్బులేటి సేశారో చెప్పి, అప్పుడు నిలబడు" అని. అధ్యక్ష పదవి దగ్గరకొచ్చేసరికి పార్టీల గొడవ కూడా అయిందని అప్ప తర్వాత చెప్పింది. అది మంచిదని అనను. కానీ ఆ గదిలో ఒక కూలి తల్లి లేచి లెక్క అడగడం నా కళ్ళతో చూశాను. అది నా మనసులోంచి పోలేదు.

తిరిగి వచ్చిన మర్నాడే మా హెడ్మాస్టారిని అడిగాను, "మాస్టారూ, మన బడిలో ఓట్లెప్పుడండీ?" అని. ఆయన ఆశ్చర్యంగా చూశారు. "అయిపోయాయి కదమ్మా. నువ్వే మెంబరువి" అన్నారు.

పుస్తకం చూపించమన్నాను. చూపించారు, దాచలేదు. ఆ మాట ఆయన పక్షాన చెప్పాలి. ఏడో పేరు నాది, పక్కన నా సంతకం. ఫోన్లో ఫొటో తీసుకొచ్చి, డిగ్రీ చదివే ఎదురింటి అమ్మాయి చేత చదివించుకున్నాను. నేను సంతకం పెట్టిన రోజు తల్లిదండ్రుల సభ జరిగిందట. అందరూ ఏకగ్రీవంగా నన్నూ మరికొందరినీ ఎన్నుకున్నారట. ఆ రోజు బడిలో నేనూ హెడ్మాస్టారూ గచ్చు తుడిచే ఆయమ్మా తప్ప పెద్దవాళ్ళెవరూ లేరు.

అదే పుస్తకంలో కొన్ని పేజీల తర్వాత ఇంకో తీర్మానం, అక్కడా నా సంతకం, అదీ చదవకుండా పెట్టినదే. ఆ ఏడాది బడికి వచ్చిన గ్రాంటు ఖర్చును కమిటీ చూసి ఒప్పుకుందని రాసి ఉంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, సున్నం. చివర "మరమ్మతు" అని ఒక్క మాట, ఎదురుగా 6,200 రూపాయలు. ఎదురింటి అమ్మాయి ఆ మాట రెండుసార్లు చదివింది. ఏం మరమ్మతో, ఎక్కడ చేశారో లేదు.

నేను ఎవరినీ దొంగ అనడం లేదు. ఆ 6,200 న్యాయంగానే ఖర్చయి ఉండొచ్చు. మా హెడ్మాస్టారు పాఠం చెప్పాలి, భోజనం లెక్కలు రాయాలి, మీటింగులకి తిరగాలి. ఉన్నది ఇద్దరే టీచర్లు. నా బాధ వేరు. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. ఒకరు లోపలికెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. తోడు దొరక్కపోతే మా పాప ఇంటిదాకా పరిగెత్తుకొస్తుంది. రోడ్డు దాటాలి, దాని మీద లారీలు తిరుగుతాయి. "మరమ్మతు" అన్న మాట పక్కన సంతకం పెట్టిన నేను, సంతకానికి ముందు ఆ మాట చదవగలిగి ఉంటే, గడియ అని అడిగి ఉండేదాన్ని. గడియ ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు.

తర్వాత ఆ అమ్మాయీ నేనూ కలిసి చట్టం సంగతి చదివాం. ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 21 ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మా పుస్తకంలో సగం కంటే ఎక్కువే ఉన్నాం. వాళ్ళలో నలుగురి ఇళ్ళకి నేను స్వయంగా వెళ్ళి అడిగాను. ముగ్గురికి తాము సభ్యులమని తెలియదు. నాలుగో ఆమెకి తెలుసు, కానీ భోజనాల కమిటీ అనుకుంటోంది.

కమిటీ చేయాల్సిన పనులూ అక్కడే ఉన్నాయి. బడి ఎలా నడుస్తోందో చూడాలి. వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో కనిపెట్టి ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. మా డబ్బు సంగతే చెబుతాను. బడులకి డబ్బిచ్చే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు. 101 నుంచి 250 మంది ఉంటే 50,000. ఇందులో కనీసం పదో వంతు శుభ్రతకి వాడాలి. మా బడిలో 74 మంది పిల్లలున్నారు. ఇరవై అయిదు వేలని వాళ్ళకి పంచితే తలకి ఏడాదికి 337 రూపాయలు, చిల్లర. నేను కుట్టే మూడు లైనింగ్ జాకెట్ల మజూరీ కూడా అంతకంటే ఎక్కువ. ఇంత తక్కువ డబ్బుకి కమిటీ ఎందుకు, ఓట్లెందుకు అని మా ఇంటాయన చెన్నై నుంచి ఫోన్లో అన్నారు. ఆయన అక్కడ సెంట్రింగ్ పనిలో ఉన్నారు. "గొడవలెందుకే, గుంటల్ని చూసుకో" అన్నారు. పిల్లల్ని చూసుకోవడానికే ఇదంతా అన్నాను.

ఎందుకంటే పెద్ద పనులన్నీ ఆ అభివృద్ధి ప్రణాళిక మీదే ఆధారపడి ఉన్నాయి. ప్రభుత్వం వేసే ప్రణాళికలకీ ఇచ్చే గ్రాంట్లకీ కమిటీ రాసిన ప్రణాళికే ఆధారం కావాలని సెక్షన్ 22 చెబుతోంది. మరో గది కావాలన్నా, మరో టీచరు కావాలన్నా ముందు అందులో రాయాలి. చట్టం చివరనున్న పట్టిక ప్రకారం 61 నుంచి 90 మంది పిల్లలుంటే ముగ్గురు టీచర్లు ఉండాలి. మాకు ఇద్దరే. మూడో టీచరు కావాలని మా కమిటీ ఎప్పుడైనా రాసిందా? ఆ పుస్తకంలో నాకెక్కడా కనపడలేదు. కమిటీలో ఉన్నామని తెలియనివాళ్ళం ఏం రాస్తాం?

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మా బడిలో ఒకప్పుడు తెలుగు చెప్పే మాస్టారు ఉండేవారు. ఆయన రిటైరయ్యాక ఆ చోటులోకి ఎవరూ రాలేదు. ఇప్పుడంతా ఒడియానే. పిల్లలు ఒడియా నేర్చుకోవాలి, నేర్చుకుంటున్నారు. మా బాబు నాకంటే బాగా మాట్లాడతాడు, ఈ గడ్డ మీద బతకడానికి అది అవసరం. నాకు ఒడియా మీద కోపం లేదు. కానీ మా అమ్మ పంపిన ఉత్తరం వాడికి చదవడం రాదు. ఒకటో తరగతి పిల్లలైతే మొదటి ఏడాదంతా పాఠం అర్థంకాక గోడవైపు చూస్తూ కూర్చుంటారు. నేను కాపీ పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశాను. 74 మందిలో 51 మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

1949లో రాష్ట్రాల విద్యామంత్రులంతా కూర్చుని ఒక నిర్ణయం చేశారు. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లల మాతృభాష వేరైతే, ఆ భాషలో చెప్పే టీచరుని కనీసం ఒకరిని వెయ్యాలని. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు సదుపాయం కల్పించాలంది. 51 అంటే 40 కంటే ఎక్కువే. మాకు రావాల్సిన మూడో టీచరు తెలుగు వచ్చినవారైతే రెండు బాకీలూ ఒకేసారి తీరతాయి. ఈ మాట నేను వీధిలో అంటే వినేవారు లేరు. ఎన్నికైన కమిటీ తీర్మానం చేసి, ప్రణాళికలో రాసి పంపితే దానికొక కాగితం ఉంటుంది, జవాబు చెప్పాల్సిన మనిషి ఉంటాడు.

పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు కొండల్లోని సవరల మాట నేర్చుకుని, ఆ మాటలో పుస్తకాలు రాసి, ఆ పిల్లలకి చదువు చెప్పించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఇదే ఒడిశా ప్రభుత్వం 2007 నుంచి సవర పిల్లలకి, మరికొన్ని గిరిజన భాషల పిల్లలకి చిన్న తరగతుల్లో వాళ్ళ మాటలోనే పాఠాలు మొదలుపెట్టింది. అంత పని చేసిన చోట ఒక ఎన్నిక నోటీసు తెలుగులో కూడా రాయించడం పెద్ద పని కాదు.

హెడ్మాస్టారిని మళ్ళీ కలిసి అడిగాను. "నోటీసు అంటించామమ్మా, ఎవరూ రాలేదు, నేనేం చెయ్యను?" అన్నారు. అది అబద్ధం కాదు. ఆఫీసు గది తలుపు మీద పాత కాగితం చిరిగిన ముక్క ఇంకా ఉంది. ఒడియాలో ఉంది. ఆ తలుపు ముందునుంచి రోజూ పిల్లల్ని దింపి వెళ్ళే తల్లులు దాన్ని సెలవుల కాగితం అనుకున్నారు. ఇద్దరు నిశానీలైతే దాన్ని చూడనే లేదు, వాళ్ళకి ఏ భాషైనా ఒకటే. అందుకని కాగితం ఒక్కటీ చాలదు, ఊళ్ళో టముకు వేయించాలి. పింఛన్ల సంగతి టముకు వేసి చెప్పే ఊరే మాది. బడి ఓట్ల సంగతీ అలాగే చెప్పొచ్చు.

మా మిషన్ దగ్గర అరుగు మీద పోయిన ఆదివారం పదకొండు మంది తల్లులం కూర్చున్నాం. ఇద్దరు ఒడియా ఇళ్ళవాళ్ళు, ఒకామె సవర. ముగ్గురు మగవాళ్ళు దూరంగా నిలబడి విన్నారు. ఇప్పుడున్న కమిటీ గడువు అయ్యాక కొత్తది వెయ్యాలి. అప్పుడు మేమడిగేది ఇది: ఎన్నిక తేదీ పదిహేను రోజుల ముందు ఒడియాలోనూ తెలుగులోనూ బడి తలుపు మీదా, టీ కొట్టు దగ్గరా అంటించాలి, టముకు వేయించాలి. ఆ రోజు కూలికి వెళ్ళేవాళ్ళు కూడా రాగలిగేలా సభ పొద్దున్నే పెట్టాలి. వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి ఎంత ఖర్చయిందన్నది బడి గోడ మీద రంగుతో రాయాలి, రెండు భాషల్లో. తెలుగు నోటీసు రాసిపెట్టే పని నేను చేస్తాను, ఒక్క రూపాయి అడగను. నా దస్తూరీ బాగుంటుంది. హెడ్మాస్టారికీ ఇదే చెప్పాను. "పై నుంచి ఒక మాట రానియ్యమ్మా" అన్నారు. ఆ మాట కోసమే మీకు రాస్తున్నాను. జిల్లా పేజీలో నాలుగు ముక్కలు వస్తే, పైవాళ్ళ కంట్లో పడుతుందని ఆశ.

సరిహద్దుకి ఇటువైపు ఇలాంటి బడులు మా ఊళ్ళో ఒక్కటే ఉండవు. మీ పేపరు చదివే తల్లులెవరైనా ఉంటే, మీ బడి పుస్తకం ఒకసారి చూపించమని అడగండి. మీ పేరు, మీ సంతకం అందులో ఉండొచ్చు.

నా పేరు, ఊరి పేరు వెయ్యొద్దని మనవి. మా పాప ఇంకా మూడేళ్ళు ఆ బడిలోనే చదవాలి.

ఇట్లు,
బడి కమిటీలో ఏడో పేరు,
గజపతి జిల్లా, ఒడిశా