మొండితనం కాదండి, భయం

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం ఆటిజం పిల్లల గురించి మీ పేపర్లో "మొండికేస్తారు, గారాబం తగ్గించాలి" అని రాశారు కదా, నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇంక ఉండబట్టలేదు. మాది సఖినేటిపల్లి పక్క ఊరు. మా వాడికి పన్నెండేళ్ళు. థెరపీకి నరసాపురం వెళ్ళాలంటే గోదావరి దాటించే పంటు ఎక్కాలి, ఎప్పుడూ ఒకే చోట నిలబడి అవతలి రేవు వచ్చేదాకా రేకుకున్న బోల్టులు లెక్కపెడతాడు. మొన్న వరదకి పంటు ఆపేశారు. చించినాడ బ్రిడ్జి మీంచి తిప్పి తీసుకెళ్తుంటే ఆటోలో చెవులు మూసుకుని, చొక్కా కాలరు నమిలి నమిలి తడిపేసి, "పంటు, పంటు" అని ఒకటే గొడవ. రాత్రి కడుపునొప్పి, నిద్ర లేదు. ఇది మొండితనమాండి? ఈ పిల్లల్లో పదిమందిలో దాదాపు నలుగురికి యాంగ్జయిటీ సమస్య కూడా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. నోటితో చెప్పలేని భయం ఇలాగే బయటికొస్తుంది. ఇప్పుడు రేపు ఎక్కడికెళ్తామో ముందురోజే బొమ్మలేసి చూపిస్తున్నాం, చాలా నయం.

ఇంట్లో మనం ఎంత చేసినా బయటవాళ్ళు చెయ్యనివ్వాలి కదా. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా వైకల్యమే అని రాశారు, సంతోషం. ఆ వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకెళ్తే మూడు గంటలు లైను, మైకులో పేర్లు అరుపులు, మా వాడు బెంచీ కిందకి దూరిపోయాడు. చూసినాయన రెండు నిమిషాల్లో "పిల్లాడికి భయం నేర్పలేదా" అన్నాడు. ఉన్న భయం చాలదు కాబోలు!

ఇక డీజేల సంగతి. రాత్రి పది దాటాక మైకు పెట్టకూడదని 2000లోనే రూల్ వచ్చింది, మా ఊళ్ళో మాత్రం పెళ్ళికీ తీర్థానికీ ఆఖరికి చోటా నాయకుడి పుట్టినరోజుకీ పన్నెండు దాకా కిటికీలు అదరాల్సిందే. స్టేషనుకి ఫోన్ చేస్తే ఊరేగింపు వీధి దాటాక వచ్చారు, "ఇక్కడేం లేదే" అని వెళ్ళారు. ఏప్రిల్ 2న ఆటిజం దినోత్సవానికి మాత్రం నీలం బెలూన్లు పట్టుకుని ఫొటోకి అందరూ తయారు.

సదరానికి వచ్చే మంగళవారం మళ్ళీ రమ్మన్నారు. ఎన్నింటికి అంటే "పొద్దున్నే వచ్చి కూచోండి" అట. మా వాడికి ఆ బొమ్మ ఎలా గియ్యాలో మీరే చెప్పండి.

ఇట్లు,
సఖినేటిపల్లి మండలం నుంచి ఒక తండ్రి