కిలో ఇనుము, లీటరు నీళ్ళు

పర్లాకిమిడి.

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది, అందులో పెట్టిన మీ అమ్మాయి లెక్క కాగితమూ చూశాను. 100 డిగ్రీల వేడి మీదున్న కిలో ఇనుమును 20 డిగ్రీల దగ్గరున్న కిలో నీటిలో వేస్తే చివరికి రెండూ 60 డిగ్రీలకు వస్తాయని రాసింది. దాన్ని కోప్పడకు. బడిలో ఒడియాలో పాఠం విని, సాయంత్రం నా దగ్గర తెలుగులో సందేహాలు అడిగే ఇక్కడి పిల్లలు కూడా సరిగ్గా అదే జవాబు చెప్పారు. చల్లటి నీటిలో పోసినది వేడి నీరే అయి ఉంటే అది నిజమయ్యేది కూడా.

అందుకని మొన్న ఆదివారం వంటింట్లోంచి అల్లం దంచే ఇనుప రోకలి తెచ్చాను. తూస్తే ఇంచుమించు కిలో ఉంది. మరుగుతున్న నీళ్ళలో చాలాసేపు ఉంచి, పట్టకారుతో తీసి, అంటుకున్న వేడి చుక్కలు లెక్కను చెడగొట్టకుండా గట్టిగా విదిలించి, స్టీలు గిన్నెలోని లీటరు నీటిలో దించాను. పిల్లలందరూ థర్మామీటరు మీదికి వంగి చూస్తూండగా అందులోని ఎర్రగీత మెల్లగా పాకి, 27 దాటీ దాటగానే ఆగిపోయింది. ఒకడు అది పాడైందేమోనని విదిలించి మళ్ళీ పెట్టి చూశాడు!

కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4,200 జౌళ్ళ వేడి కావాలి (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). ఇనుముకు 450 చాలు. ఆ అంకెనే విశిష్టోష్ణం అంటున్నాం. ద్రవ్యరాశిని, విశిష్టోష్ణాన్ని, ఉష్ణోగ్రతలో వచ్చిన మార్పును గుణిస్తే వేడి ఎంతో తెలుస్తుంది. ఇనుము పోగొట్టుకున్నదీ నీరు పుచ్చుకున్నదీ సమానం కనుక, చివరి ఉష్ణోగ్రతను ‘త’ అనుకుంటే:

450 × (100 − త) = 4,200 × (త − 20)

అంటే 4,650 త = 1,29,000. త విలువ 27.7. ఇనుము 72 డిగ్రీలు దిగితే నీరు ఎనిమిది కూడా ఎక్కలేదు. గిన్నె కూడా కొంత వేడిని తాగేసింది కాబట్టి మా కొలత పిసరంత తగ్గింది. పిల్లలు ఎక్కువగా తప్పేది ‘మార్పు’ అన్న మాట దగ్గరే. తేడా రాయవలసిన చోట చివరి ఉష్ణోగ్రతను వేసేస్తారు.

వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు అని 18వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ తేల్చిన సంగతి ఇదే. మనిద్దరం మే నెల మిట్టమధ్యాహ్నం గోపాలపూర్ ఇసుకలో చెప్పుల్లేకుండా పరుగెత్తి సముద్రంలో పడ్డ రోజు నీకు గుర్తుందా? పొడి ఇసుకకు నీటిలో అయిదో వంతు వేడి సరిపోతుంది. పైగా ఇసుకలో ఆ వేడి పైపొరలోనే నిలిచిపోతే, సముద్రంలో అలలు దాన్ని లోపలికి కలిపేస్తాయి.

అమ్మాయి చేత ఇదే లెక్కను కిలో ఇత్తడితో చేయించు. దాని విశిష్టోష్ణం 380. జవాబు 27.7 కన్నా తక్కువ రావాలి. ఎక్కువ వస్తే ఆ కాగితం నాకు పంపించు.

నీ మిత్రుడు