ఫార్మాట్ చేస్తే జంపర్ కదలదు

సంపాదకుల వారికి,

ఆర్యా,

గత ఆదివారం మీ కంప్యూటర్ శీర్షికలో ప్రొద్దుటూరు పాఠకుడొకరు ఒక సందేహం అడిగారు. సౌండ్ కార్డు పెట్టించినప్పటి నుంచి పాట మొదలవగానే ఒక్క ముక్క దగ్గరే తిరుగుతోందట. వైరస్ అయి ఉంటుంది, హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసి విండోస్ 98 మళ్లీ వేసుకోండని మీ జవాబు. కడపలో డీటీపీ సెంటర్ నడుపుకునేవాణ్ని. ఈ మాట నమ్మి ఎవరు తమ లెక్కలూ, పెళ్లిపత్రికల ఫైళ్లూ చెరిపేసుకుంటారోనని టెన్షన్‌గా ఉండి రాస్తున్నాను.

ఆ జబ్బు మా సెంటర్లోనూ చూశాం. చెక్కభజన గురువొకాయన పాత క్యాసెట్లు తెచ్చి సీడీకి ఎక్కించమంటే, సెకండ్ హ్యాండ్‌లో ఒక ఐఎస్‌ఏ (పాత రకం స్లాట్‌లో దూర్చే) సౌండ్ కార్డు కొని బిగించాం. పరీక్షకని గోవింద నామాల ఫైలు పెడితే, గాయకుడు ‘గోవిందా’ అని అందుకున్నాడో లేదో, ‘గో గో గో గో’ అంటూ ఆపేదాకా అదే మోత. గురువుగారు నవ్వాపుకోలేకపోయారు.

అసలు సంగతి ఆ మోతలోనే ఉంది. అంతమాత్రం వినిపిస్తోందంటే స్పీకర్లు బాగున్నట్టే, కార్డూ చెడిపోనట్టే. పాటలో కొద్ది ముక్క మెమరీలో సిద్ధంగా ఉంటుంది. కార్డు దాన్ని వాయించేసి, అయిపోయింది, తర్వాతది పెట్టమని ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ అనే కబురు పంపుతుంది. ఆ కబురు అందకపోతే కొత్త ముక్క రాదు. కార్డు పాతదాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ఇందులో వైరస్ పని ఏముంది?

కబురు పోయే దారులు తక్కువ. 1984 నాటి ఐబీఎం ఏటీ కంప్యూటర్ నుంచి మా తరం పీసీల దాకా ఇంటరప్ట్ నంబర్లు 0 నుంచి 15 వరకే. అందులో 2వ నంబరు, ఈ కబుర్లు అందుకునే రెండు చిప్‌లను కలపడానికే సరిపోతుంది. గడియారానికి 0, కీబోర్డుకు 1, ఫ్లాపీకి 6, ప్రింటర్‌కు 7, హార్డ్ డిస్క్, సీడీ డ్రైవులకు 14, 15. సీరియల్ మౌస్ ఉండే కామ్ 1 పోర్టుది 4, కామ్ 2 పోర్టుది 3. సౌండ్ కార్డు మామూలుగా 5 అడుగుతుంది. మా మెషీన్లో ఆ 5 మీద, ఫోన్ లైనుతో ఇంటర్నెట్ కలిపే లోపలి మోడెం అప్పటికే తిష్ట వేసుకుని ఉంది. వీటి తర్వాత వచ్చిన పీసీఐ రకం కార్డులైతే ఒక నంబరును పంచుకోగలవు. ఈ పాత ఐఎస్‌ఏ కార్డులకు అది కుదరదు. రెండు గుమ్మాల నుంచి ఒకే కాలింగ్ బెల్‌కు తీగ లాగి, ఒక గుమ్మంవాళ్లు స్విచ్ నొక్కిపట్టుకున్నట్టే, రెండోవాళ్లు ఎంత నొక్కినా లోపల కొత్తగా మోగేదేమీ ఉండదు.

మేం చేసిందిది. విండోస్ డివైస్ మేనేజర్‌లో అన్నిటికంటే పైనున్న ‘కంప్యూటర్’ మీద రెండుసార్లు నొక్కితే ఏ నంబరు ఎవరి చేతిలో ఉందో జాబితా వస్తుంది. కామ్ 2 మాకు ఉత్తినే పడి ఉంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం సెట్టింగుల్లో, దాన్ని ఆపేస్తే 3 ఖాళీ అయింది. కరెంటు తీగ పీకి, మోడెం మీది జంపర్‌ను 5 నుంచి 3కు మార్చాం. జంపరంటే మరేం లేదు, రెండు పిన్నులను కలిపే చిన్న ప్లాస్టిక్ తొడుగు. వేలికి చిక్కదు, పట్టకారు కావాలి. అంతే, గోవింద నామాలు చివరిదాకా వినిపించాయి. సౌండ్ కార్డును 5 మీదే ఉంచాం, విండోస్‌కు ముందటి డాస్ ఆటలు చాలావరకు దాన్ని అక్కడే వెతుకుతాయి కాబట్టి. దాన్నే 10కి మార్చాల్సి వస్తే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే ఆటోఎగ్జెక్ ఫైలులో సౌండ్ కార్డు వివరాలుండే సెట్ బ్లాస్టర్ వరుసలో కూడా ‘ఐ’ అక్షరం పక్కన అంకె మార్చాలి.

‘ప్లగ్ అండ్ ప్లే కదా, అదే సర్దుకుంటుంది’ అనేవాళ్లున్నారు. జంపర్లున్న కార్డు ఏ నంబరు మీద ఉందో బయోస్‌కు తెలియదు, ఆ నంబరునే ఇంకో కార్డుకు ఇచ్చేస్తుంది. ఆ నంబరును పాత ఐఎస్‌ఏ కార్డుకు కేటాయించినట్టు బయోస్‌లో మనమే రాసిపెట్టాలి.

ప్రొద్దుటూరు పాఠకుడు డిస్క్ చెరపకముందే సవరణ వేయండి. వారికి కూడా మోడెం ఉందేమో అడగండి.

ఇక కార్డులు అమ్మే షాపులవాళ్లకు ఒక మాట. జంపర్ల పటం ఉన్న కాగితాన్ని డబ్బాతో పాటు చెత్తబుట్టలో వేయకుండా గిరాకీ చేతికివ్వండి. సెకండ్ హ్యాండ్ కార్డైతే, అది ఏ నంబరు మీద ఉందో బిల్లు వెనకైనా రాసివ్వండి.

— డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, ఎర్రముక్కపల్లి, కడప