బొటనవేలు గుర్తు చూసి ఇక కార్డు అచ్చు వేయం

చిక్కడపల్లిలో మా శుభలేఖల దుకాణానికి వచ్చే అందరికీ నమస్కారం. పోయిన నెల మా వల్ల పెద్ద పొరపాటు జరిగింది. దాచకుండా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పెళ్లికూతురి తమ్ముడు వివరాలన్నీ వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పంపాడు. ముహూర్తం "ఫ్రైడే 2.14 ఏఎం" అని ఉంది. మేం "శుక్రవారం రాత్రి 2.14 గం.లకు" అని వేశాం. ఫోన్‌లో అర్ధరాత్రి 12కే వారం మారిపోతుంది. పంచాంగంలో సూర్యోదయం దాకా పాత వారమే. "గురువారం రాత్రి 2.14, తెల్లవారితే శుక్రవారం" అని పడాల్సింది. ప్రూఫ్ ఫొటో పంపితే నాలుగు నిమిషాల్లో వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు (👍) వచ్చింది. అచ్చుకి ఇచ్చేశాం.

సగం కార్డులు పంచాక పురోహితుడుగారు చూసి చెప్పారు. 300 కార్డులూ డబ్బు తీసుకోకుండా మళ్లీ వేసిచ్చాం. వాళ్లు ఫ్యామిలీ గ్రూపులో సవరణ పెట్టారు. కానీ పెళ్లికూతురి మేనత్తకు వాట్సాప్ లేదు. ఆవిడకు పోస్టులో వెళ్లింది పాత కార్డే. శుక్రవారం రాత్రి ఖమ్మం నుంచి ఆవిడ వచ్చి దిగేసరికి పందిరి విప్పేశారట. ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

నాన్నగారి రోజుల్లో రెండు వైపుల పెద్దలూ నాలుగు మూలలా పసుపు రాసిన కాగితంతో వచ్చి కూర్చునేవాళ్లు. ఒకరు పైకి చదివితే ఇంకొకరు వినేవారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చాలి, అందుకే అంత జాగ్రత్త. పెళ్లికి రాలేనివాళ్లు టెలిగ్రాం ఇచ్చేవారు. శుభాకాంక్షల వాక్యాలకు తంతి ఆఫీసులో నంబర్లుండేవి, నంబరు చెప్తే చాలు. 2013 జులైలో ఆ సర్వీసే ఆగిపోయింది. కానీ ఆ నంబరు వెనక ఒక పూర్తి వాక్యం ఉండేది. బొటనవేలు గుర్తుకు చదివామని అర్థమో, మెసేజ్ అందిందని అర్థమో పంపినవాళ్లకే తెలియాలి.

వాట్సాప్‌ను తప్పుపట్టను. అమెరికాలో ఉన్న పెళ్లికొడుకు కూడా కార్డు రంగు ఇక్కడ కూర్చున్నట్టే ఎంచుకుంటున్నాడు. అయితే ఇంగ్లిష్ అక్షరాల్లో రమ, రామ ఒకేలా కనిపిస్తాయి. తెలుగులోనే టైప్ చేసి పంపినా, అచ్చు కోసం వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒక్కోసారి వత్తు జారిపోతుంది.

అందుకే ఇకనుంచి ప్రతి కార్డూ అచ్చుకి ముందు ఫోన్ చేసి మొత్తం పైకి చదువుతాం. వీడియో కార్డుకైనా అంతే. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు లైన్లో ఉండాలి. డెలివరీ ఒక రోజు ఆలస్యమవుతుంది, రేటు పెరగదు. ఇప్పటికే ఆర్డర్ ఇచ్చినవాళ్లకు మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఫోన్ వస్తుంది. లగ్నపత్రిక దగ్గర పెట్టుకోండి.