బ్లూబెర్రీ సరే, మా అల్లనేరేడు ఏం పాపం చేసింది?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో బ్లూబెర్రీలను పొగిడిన యాంటీ ఆక్సిడెంట్ల (కణాలు దెబ్బతినకుండా అడ్డుకునే పదార్థాల) వ్యాసం చూసి, పోనీలే అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆ కాగితం పట్టుకుని మా కోడలు బ్లూబెర్రీలు తెద్దామన్నాక ఇక రాయక తప్పలేదు. హన్మకొండలో అరచేతిలో పట్టే డబ్బా 300 రూపాయలు దాటింది! ఎక్కడినుంచో వచ్చిన ఆ కాయల రంగు ఆంథోసయనిన్ అనే యాంటీ ఆక్సిడెంట్‌ది, మిరుగు (మృగశిర కార్తె) దాటితే మనకు దొరికే అల్లనేరేడు తొక్కలో ఉన్నదీ అదే. నా మనవడి చొక్కా మీద ఆ మరకకు సబ్బు రాసేకొద్దీ ఊదా పోయి నీలంగా తిరిగింది, క్షారం తగిలితే ఆంథోసయనిన్ చేసేది ఆ పనే, బడిలో ముప్పై ఏళ్లు ఇదే చెప్పాను.

మీ వ్యాసంలో జామకాయ పేరే లేదు. 100 గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి, నారింజ దాని ముందు దిగదుడుపే. ఉసిరి లేదు, పుంటికూర లేదు, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన మన చపాటా మిర్చీ లేదు. దాని ఎరుపు క్యాప్సాంథిన్ యాంటీ ఆక్సిడెంట్ కాదా? పైగా యాంటీ ఆక్సిడెంట్ బలాన్ని ప్రయోగశాలలో కొలిచే ‘ఓరాక్’ లెక్కన ఏ పండుకెన్ని మార్కులో పట్టిక ఒకటి. అమెరికా వ్యవసాయ శాఖ తన ఓరాక్ పట్టికను 2012లోనే తీసేసింది, గాజు గొట్టంలో కొలిచిన బలం ఒంట్లోనూ పనిచేస్తుందన్న ఆధారం లేదని, కంపెనీలు దాన్ని అమ్మకాలకు వాడుకుంటున్నాయని. ఆ వ్యాసం కిందే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల ప్రకటన! పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్లు తగ్గకపోగా పెరిగాయని ఫిన్లాండ్‌లో 1994లోనే తేలింది.

మీ ఒక్కరినే అని లాభం లేదు. మా కాలనీ దారిలో మూడు అల్లనేరేడు చెట్లుండేవి. రోడ్డు వెడల్పు చేస్తామని నరికి కోనోకార్పస్ నాటారు, ఇప్పుడది మంచిది కాదని దాన్నీ నరుకుతున్నారు, రోడ్డు మాత్రం అంతే ఉంది. బస్టాపు దగ్గర అల్లనేరేడు పండ్లు మోదుగాకులో పోసి, పైన కాస్త ఉప్పు చల్లి ఇచ్చే ముసలమ్మ గంపను మొన్న ఎత్తేశారు. ట్రాఫిక్‌కు అడ్డమట. అక్కడే సూపర్ మార్కెట్ ముందు కార్లు రెండు వరుసల్లో ఆగి ఉన్నాయి.

– రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, హన్మకొండ